ఇరవై మిల్లీసెకన్లు చూపించమంటే

తెర మీద ఒక అక్షరాన్ని 20 మిల్లీసెకన్లు చూపించి తీసేయాలి. అంత కొద్దిసేపట్లో మనిషి దాన్ని చదవగలడా? ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లకు ఇదో లెక్కలోది కాదు, నాలుగు లైన్ల పని. నేనూ అలాగే అనుకుని రాశాను. కూర్చోబెట్టిన నలుగురూ అక్షరాలన్నీ గడగడా చదివేశారు. వాళ్ల చూపు అంత చురుకైనదని మురిసిపోయాను గానీ, అసలు సంగతి వేరు. నా తెర ఆ అక్షరాన్ని చూపించింది 33 మిల్లీసెకన్లు.

మామూలు ల్యాప్‌టాప్ తెర సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తుంది. అంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. పావుగంటకో బస్సు ఉన్న ఊళ్లో ఇరవయ్యో నిమిషానికి బయల్దేరతానంటే కుదరదు కదా, ముప్పయ్యో నిమిషం దాకా స్టాండులో కూర్చోవాల్సిందే. తెరా అంతే. ఒక ఫ్రేము, లేదంటే రెండు. ఇరవై అనే మాటే దాని దగ్గర లేదు.

చూపు మీద ప్రయోగాలు చేసేవాళ్లకు ప్రత్యేకంగా సాఫ్ట్‌వేర్ కావాల్సి వచ్చింది ఇందుకే. బొమ్మలు గీయడానికి సవాలక్ష ప్రోగ్రాములున్నాయి. ఏ బొమ్మ ఎప్పుడు, ఎంత వెలుగుతో, ఎంత సైజులో కంటికి చేరిందో నిక్కచ్చిగా చెప్పేవే తక్కువ. చూపు మీద పరిశోధనలు చేసే డెనిస్ పెల్లి మెకింటోష్ కంప్యూటర్ల కోసం వీడియోటూల్‌బాక్స్ రాశాడు. దాని ఆసరాతో డేవిడ్ బ్రెయినార్డ్ మ్యాట్‌ల్యాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో వాడుకునేలా సైకోఫిజిక్స్ టూల్‌బాక్స్ తయారుచేశాడు. రెండింటి గురించీ 1997లో ఒకే పత్రికలో వ్యాసాలు వచ్చాయి. అందరూ సైక్‌టూల్‌బాక్స్ అని పిలిచేది ఆ రెండోదాన్నే. తర్వాత ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో జొనథన్ పియర్స్ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో సైకోపై మొదలుపెట్టాడు. అది ఉచితం. కోడ్ రాయడం రానివాళ్లు కూడా మౌస్‌తో ముక్కలు పేర్చుకుని ప్రయోగం తయారుచేసుకోవచ్చు.

ఇవి చేసే పనుల్లో ముఖ్యమైనది 'ఫ్లిప్'. కొత్త బొమ్మను ముందు కనబడని పేజీ మీద గీసి పెట్టుకుంటాయి. తెర పాత ఫ్రేమును పూర్తిచేసే క్షణం కోసం కాచుకుని, అప్పుడు పేజీ తిప్పుతాయి. తిప్పిన సమయాన్ని రాసుకుంటాయి. ఒక ఫ్రేము తప్పిపోతే ఆ విషయం దాచకుండా చెబుతాయి. నాకు వీటిలో బాగా నచ్చే గుణం ఇదే.

సమయం సంగతి సరే, వెలుగు దగ్గర ఇంకో తిరకాసు. కంప్యూటర్లో నలుపు 0, తెలుపు 255. మరి సగం వెలుగు కావాలంటే 128 ఇస్తే చాలనుకుంటాం. మామూలు తెర మీద 128 ఇస్తే వచ్చేది తెలుపులో దాదాపు 22 శాతం వెలుగే. దీన్ని గామా అంటారు. నమ్మకం లేకపోతే ఇంట్లోనే చూడొచ్చు. ఒక్కో పిక్సెల్ మందాన నల్ల గీత, తెల్ల గీత మార్చి మార్చి నింపిన చదరం ఒకటి గీయండి. పక్కనే సాదా బూడిదరంగు చదరం పెట్టండి. బొమ్మను పెద్దదీ చిన్నదీ చేయకుండా, గీతలు కలిసిపోయేంత దూరం వెనక్కి జరిగి చూడండి. రెండూ ఒకేలా కనిపించేది బూడిదరంగు 128 దగ్గర కాదు, సుమారు 186 దగ్గర. కాంతిని కొలిచే మీటరు తెర ముందు పెట్టి, ఈ వంకరను కొలిచి సరిచేశాకే ల్యాబుల్లో ప్రయోగం మొదలవుతుంది.

సరిచేసినా ఇంకో ఇబ్బంది మిగులుతుంది. ఆ 186 దగ్గర ఒక్క మెట్టు మారితే వెలుగు ఒక శాతానికి పైగా మారిపోతుంది. పరిస్థితులు అనుకూలిస్తే మన కన్ను అంతకన్నా చిన్న తేడానూ పట్టేస్తుంది. అంటే 256 మెట్ల తెర కన్నా కన్నే సూక్ష్మం! పెల్లి, జాంగ్ 1991లో దీనికో ఉపాయం చెప్పారు. వీడియో కార్డు నుంచి వచ్చే ఎరుపు, ఆకుపచ్చ, నీలం సిగ్నళ్లను రెసిస్టర్లతో వేర్వేరు పాళ్లలో కలిపి, ఒకే నలుపు తెలుపు మానిటర్‌కు పంపితే చాలా సన్నని మెట్లు దొరుకుతాయి. కొన్ని రెసిస్టర్లతో అంత పని జరగడం నాకిప్పటికీ ముచ్చటేస్తుంది.

సైజు సంగతి కొంచెం తేలిక. 57 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే తెర మీద ఒక సెంటీమీటరు కంటికి ఒక డిగ్రీ అవుతుంది. అందుకే ల్యాబుల్లో గడ్డం ఆనించే స్టాండును చాలాసార్లు అక్కడే బిగిస్తారు. ప్రయోగం ఇంటర్నెట్‌లో పెడితే మాత్రం ఎవరి తెర ఎంతో, ఎవరు ఎంత దూరంలో కూర్చున్నారో తెలియదు. ముందుగా ఏటీఎం కార్డును తెరకు ఆనించి, అక్కడున్న బొమ్మను దానికి సరిపోయేలా సాగదీయమంటారు. కార్డు వెడల్పు ఎక్కడైనా 8.56 సెంటీమీటర్లే, కాబట్టి తెర కొలత దొరికిపోతుంది. తర్వాత ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఒక గుర్తునే చూస్తూ ఉండమంటారు. దానికి కుడిపక్కన ఒక చుక్క కదులుతుంటుంది. అది అంధచుక్కలో, అంటే కంటికి ఏమీ కనబడని చోట పడి మాయమవగానే మీట నొక్కాలి. అంధచుక్క చూపు మధ్య నుంచి దాదాపు 15 డిగ్రీల దూరంలో ఉంటుంది. చుక్క 13.4 సెంటీమీటర్ల దగ్గర మాయమైతే మీరు తెరకు సుమారు 50 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు. అంధచుక్క స్థానం మనిషి మనిషికీ కాస్త మారుతుంది గనుక ఇది టేపుతో కొలిచినంత కచ్చితం కాదు.

ఇంత చేసినా, సాఫ్ట్‌వేర్ చెప్పిన సమయాన్ని ల్యాబువాళ్లు కళ్లు మూసుకుని నమ్మరు. బొమ్మ వచ్చినప్పుడల్లా తెర మూలన చిన్న తెల్ల గడి వెలిగేలా ప్రోగ్రాం రాసి, దాని మీద వెలుగును పసిగట్టే ఫోటోడయోడ్‌ను అతికిస్తారు. ప్రయోగానికి కూర్చున్న మనిషికి ఆ మిణుకు కనబడకుండా పైన నల్ల టేపు వేస్తారు.