శివారు షాపింగ్ కాంప్లెక్సులో ఎవరి పక్కన ఎవరు: అపోహలు, వాస్తవాలు

నల్లగండ్ల, నిజాంపేట, బాచుపల్లి, కొంపల్లి వంటి హైదరాబాద్ శివార్లలో అపార్ట్‌మెంట్లు లేచిన ప్రతిచోటా వాటి వెనకే మూడు నాలుగు అంతస్తుల షాపింగ్ కాంప్లెక్సులూ లేస్తున్నాయి. వీటిలో కొన్ని ఏడాది తిరగకుండానే కిటకిటలాడుతుంటే, అదే రోడ్డు మీద అంతే ముఖభాగంతో కట్టిన మరికొన్నింటి మీద టు-లెట్ బోర్డు వెలిసిపోయేదాకా వేలాడుతూనే ఉంటుంది. దీనికి యజమానులు వాస్తు మొదలుకొని మెట్రో దాకా ఎన్నో కారణాలు చెబుతారు. ఇలాంటి భవనాలకు అద్దెదారులను కుదిర్చే వృత్తిలో ఉన్నవాడిగా నేను గమనించినంతవరకు, తేడా ఎక్కువసార్లు ఒక్కచోటే ఉంటుంది. మల్గీలను, అంటే దుకాణపు గదులను, ముందు వచ్చినవారికి ముందు ఇచ్చుకుంటూ పోయారా, లేక భవనం మొత్తాన్ని ఒకే వ్యాపారంగా చూసి ఎవరి పక్కన ఎవరుండాలో ముందే తేల్చుకున్నారా అన్నదే ఆ తేడా. ఈ విషయంలో యజమానుల నుంచీ, కొత్తగా దుకాణం పెట్టదలచినవారి నుంచీ తరచూ వినే మాటలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

అపోహ: ఒకే రకం దుకాణాలు రెండు పక్కపక్కన ఉంటే రెండూ దెబ్బతింటాయి.

వాస్తవం: అది అమ్మే సరుకును బట్టి ఉంటుంది. ఈ అపోహ నిజమే అయితే లాడ్ బజార్‌లో గాజుల దుకాణాలు, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో బట్టల దుకాణాలు, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కంప్యూటర్ దుకాణాలు ఎప్పుడో మూతపడి ఉండాలి. ఒకే సరుకు అమ్మేవారు ఒకరికొకరు దగ్గరగా ఎందుకు చేరతారో 1929లోనే హెరాల్డ్ హోటెలింగ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త గణితంతో వివరించాడు. మన బజార్లు ఆ పని అంతకుముందు నుంచే చేస్తున్నాయి. చీర, చెప్పులు, కళ్లద్దాలు, ఫోను, నగ వంటివి కొనేవారు నాలుగు చోట్ల చూసి, ధర పోల్చుకుని కానీ డబ్బు తీయరు. అందుకే ఒకే ఒక్క బట్టల దుకాణం ఉన్న కాంప్లెక్సుకు పెళ్లి బట్టల కోసం ఎవరూ రారు. మూడు ఉంటే కూకట్‌పల్లి దాకా వెళ్లేవారు కూడా ముందు అక్కడ ఆగి చూస్తారు. ఆషాఢం తగ్గింపుల్లోనూ, శ్రావణ మాసంలోనూ ఈ లాభం మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

పాలు, మందులు, కూరగాయలు, జిరాక్సు, ఇస్త్రీ వంటి వాటిలో పోల్చి చూడటం ఉండదు. ఇంటికి ఏది దగ్గరైతే అక్కడికే వెళతారు కాబట్టి, ఒకే కాంప్లెక్సులో రెండో మందుల దుకాణం కొత్త గిరాకీని తేదు, ఉన్నదాన్నే రెండుగా చీలుస్తుంది. మందుల దుకాణం నడిపేవారు లీజు ఒప్పందంలో 'ఈ భవనంలో మరొకరికి ఇవ్వరాదు' అన్న షరతు అడిగితే అది న్యాయమైన కోరికే. అయితే ఆ షరతును ఎంత ఇరుకుగా రాయించుకుంటే యజమానికి అంత మంచిది. 'ఆరోగ్యానికి సంబంధించిన ఏ వ్యాపారమూ ఉండకూడదు' అని ఉదారంగా సంతకం పెట్టేస్తే, రేపు ఒక దంత వైద్యుడికో రక్తపరీక్షల కేంద్రానికో చోటు ఇవ్వాలన్నా పాత అద్దెదారును బతిమాలుకోవలసి వస్తుంది.

తినుబండారాలు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. ఇక్కడ వంటకాల పేర్లకన్నా వేళలను చూడాలి. ఉదయం టిఫిన్ సెంటరు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం చాయ్, బేకరీ, రాత్రి బిర్యానీ లేదా మండీ (అరబ్బీ పద్ధతిలో వండే మాంసం, అన్నం), ఆ తర్వాత ఐస్‌క్రీమ్ అన్న వరుసలో కుదిర్చితే ఒకే మెట్ల ముందు రోజంతా మనుషులు ఉంటారు, ఒకరి గిరాకీని మరొకరు లాక్కోరు. అన్నీ రాత్రి భోజనం మీదే ఆధారపడినవైతే పగలంతా భవనం బోసిపోయి, రాత్రి ఎనిమిది గంటలకు బండి నిలపడానికి చోటు కోసం కొట్లాట మొదలవుతుంది.

అపోహ: సూపర్‌మార్కెట్‌కు తక్కువ అద్దెకు ఇవ్వడం నష్టం.

వాస్తవం: పెద్ద అద్దెదారుకు చదరపు అడుగుకు తక్కువ ధర పలకడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతి, దానికి కారణం ఉంది. సూపర్‌మార్కెట్ వారానికి రెండుసార్లు ఒకే కుటుంబాన్ని భవనంలోకి రప్పిస్తుంది. చిన్న మల్గీల వాళ్లు ఎక్కువ అద్దె కట్టేది ఆ రాకపోకల కోసమే. అమెరికాలోని మినియాపొలిస్ శివారు ఎడైనాలో 1956లో తెరిచిన సౌత్‌డేల్ సెంటర్‌కు రూపకల్పన చేసిన విక్టర్ గ్రూయెన్, పోటీదారులైన రెండు పెద్ద దుకాణాలను ఒకే కప్పు కిందికి తెచ్చాడు. ఒకదాని నుంచి మరొకదానికి నడిచేవారు మధ్యలోని చిన్న దుకాణాల ముందు నుంచే వెళ్లాలి; పెద్ద దుకాణాలు ఆ చిన్నవాటిని పోషించే తీరు అది.

మన దగ్గర జరిగే పొరపాటు ధరలో కాదు, స్థానంలో. రోడ్డుకు ఆనుకున్న మంచి మూలను సూపర్‌మార్కెట్‌కు ఇచ్చేస్తే, వచ్చినవారు బండి ఆపి, సరుకులు తీసుకుని, లోపలి మల్గీల వైపు చూడకుండానే వెళ్లిపోతారు. దాన్ని వెనుక భాగంలోనో మొదటి అంతస్తులోనో పెట్టి, రోడ్డు మీదికి పెద్ద బోర్డు, ట్రాలీ పట్టే లిఫ్టు ఇస్తే మిగతా దుకాణాలకు ఊపిరి ఆడుతుంది. దీనికి పెద్ద సంస్థలు అంత తేలిగ్గా ఒప్పుకోవు, బేరం చాలా రోజులు సాగుతుంది. ఇంకొక మాట: 'డీమార్ట్ వస్తుంది' అన్న ఆశతో రెండు అంతస్తులను ఖాళీగా ఉంచుకునే యజమానులు, ఆ సంస్థ ఎక్కువ దుకాణాలను సొంత స్థలాల్లోనే నడుపుతుందన్న సంగతి గుర్తుంచుకోవాలి.

అపోహ: ఖాళీగా ఉన్న ఏ మల్గీనైనా రెస్టారెంటుకు ఇవ్వవచ్చు.

వాస్తవం: మొత్తం వ్యవహారంలో అత్యంత ఖరీదైన అపోహ ఇదే. బట్టల దుకాణానికి నాలుగు గోడలు, దీపాలు, ఏసీ చాలు. వంటగదికి పొగ పైకప్పు దాటి పోయే డక్టు, ఎక్కువ విద్యుత్ లోడు, నూనె, జిడ్డు మురుగు కాలువలోకి పోకుండా పట్టే గ్రీజ్ ట్రాప్, నీరు కిందికి దిగని నేల, 19 కిలోల వాణిజ్య గ్యాస్ సిలిండర్లను సురక్షితంగా ఉంచే గాలి తగిలే చోటు, తడి చెత్తకు వేరే దారి కావాలి. ఇవన్నీ స్లాబు పోయకముందు నక్షాలో ఉంటే ఖర్చు స్వల్పం. భవనం పూర్తయ్యాక డక్టు కోసం స్లాబులు కోయడం మొదలుపెడితే ఖర్చూ పెరుగుతుంది, కట్టడమూ బలహీనపడుతుంది. పొగ గొట్టాన్ని పైకి తీసుకువెళ్లే దారి లేక మొదటి అంతస్తు కిటికీ పక్కనే వదిలేసిన భవనాలు శివార్లలో ఎన్నో కనిపిస్తాయి. వాటి పై అంతస్తులో ఏ క్లినిక్కూ నిలవదు.

పొరుగు సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. పట్టుచీరల దుకాణం పక్కన తాలింపు ఘాటు, దంత వైద్యశాల కింద తందూరీ పొయ్యి, నగల దుకాణం నెత్తిన గిన్నెలు కడిగే తొట్టి పెట్టిన వారికి ఫిర్యాదులు వినడమే పనిగా మారుతుంది. తినుబండారాల మల్గీలన్నింటినీ ఒకే నిలువు వరుసలో, ఒకే డక్టు పక్కన, సరుకు ఎక్కించి దించే వెనుక దారికి దగ్గరగా పెడితే ఈ తగవుల్లో చాలావరకు పుట్టవు. సెల్లారులో వంటగది పెట్టాలన్న ఆలోచనను మాత్రం మొదట్లోనే వదిలేయాలి. అనుమతి తీసుకున్న నక్షాలో అది బండ్ల కోసం ఉద్దేశించిన చోటు, అక్కడ పొగ చేరితే బయటికి పోయే మార్గమూ ఉండదు.

రెస్టారెంటు యజమానులే చాలామంది మరిచిపోయే లెక్క ఒకటుంది. వాణిజ్య అద్దె మీద జీఎస్టీ 18 శాతం. బట్టల వ్యాపారి ఆ మొత్తాన్ని తాను అమ్మకాల మీద కట్టే పన్నులో సర్దుబాటు చేసుకుంటాడు. పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లను మినహాయిస్తే, మామూలు రెస్టారెంట్లు 2017 నవంబరు నుంచి 5 శాతం పన్ను వసూలు చేస్తాయి కానీ వాటికి ఆ సర్దుబాటు హక్కు లేదు. ఉదాహరణకు నెలకు లక్షా ఇరవై వేల అద్దెకు ఒప్పుకున్న బట్టల వ్యాపారికి నికరంగా పడేది లక్షా ఇరవై వేలే. పక్క మల్గీలోని రెస్టారెంటుకు మరో 21,600 రూపాయలు చేతి నుంచి పోతాయి. యజమానికి జీఎస్టీ నమోదు లేకపోయినా, 2024 అక్టోబరు నుంచి నమోదైన అద్దెదారే సాధారణంగా ఆ పన్నును నేరుగా కట్టాలి. ఇద్దరినీ చదరపు అడుగుకు ఒకే ధర అడిగి, 'బట్టల వాళ్లు ఇస్తున్నారు, మీరెందుకు ఇవ్వరు' అనే యజమాని ఈ తేడాను చూడటం లేదు.

ఇంత తలనొప్పి ఉన్నా తిండి లేని కాంప్లెక్సును నేను ఎవరికీ సలహా ఇవ్వను. 2018 ఆగస్టులో హైదరాబాద్‌లో తన తొలి భారతీయ దుకాణాన్ని తెరిచిన ఐకియా, ఫర్నిచర్ అమ్మే చోట వెయ్యి మంది కూర్చునే రెస్టారెంటును పెట్టింది. ఆకలి వేసిన కుటుంబం బయటికి వెళ్లిపోతుంది, కడుపు నిండిన కుటుంబం ఇంకో గంట తిరుగుతుంది.

అపోహ: అందరికన్నా ఎక్కువ అద్దె ఇస్తానన్నవాడే మంచి అద్దెదారు.

వాస్తవం: ఎంత ఇస్తానన్నాడో కాదు, తన అమ్మకాల్లో ఎంత భాగం ఇవ్వగలడో చూడాలి. అమ్మకాలు మోయలేని అద్దెకు ఒప్పుకున్నవాడు ఆరో నెలలో తగ్గించమని అడుగుతాడు, పదో నెలలో అడ్వాన్సులో సర్దుకోమంటాడు, ఏడాది నిండకుండా షట్టరు దించుతాడు. మూసిన ఒక్క షట్టరు పక్కనున్న రెండు దుకాణాల గిరాకీని కూడా తగ్గిస్తుంది. పెద్ద మాల్స్‌లో వాడే కనీస అద్దె, అమ్మకాల్లో వాటా అన్న పద్ధతిని, అంటే రెండింటిలో ఏది ఎక్కువైతే అది కట్టే ఒప్పందాన్ని, చిన్న కాంప్లెక్సులు కూడా వాడుకోవచ్చు. కాకపోతే బిల్లింగ్ యంత్రం లెక్కలు యజమానికి కనిపించేలా షరతు ఉండాలి. చాయ్ దుకాణాల దగ్గర ఈ పద్ధతి పనిచేయదు, అక్కడ స్థిరమైన అద్దే మేలు.

అద్దెదారులు చూసుకోవలసిన లెక్క మరొకటి. వెయ్యి చదరపు అడుగుల సూపర్ బిల్టప్‌కు (గోడలు, మెట్లు, నడవాల్లో వాటా కూడా కలిపి కట్టే లెక్క) అడుగు 80 రూపాయల చొప్పున ఒప్పుకుని, లోపల వాడుకోగలిగే చోటు 650 అడుగులే అయితే, అసలు ధర అడుగుకు 123 రూపాయలు. దానిపైన మెయింటెనెన్సు వేరు.

అపోహ: పేరున్న బ్రాండ్లతో నింపితే చాలు, భవనం దానంతటదే నడుస్తుంది.

వాస్తవం: పేరున్న బ్రాండ్లు కూకట్‌పల్లిలోనూ కొండాపూర్‌లోనూ ఉన్న పెద్ద మాల్స్‌లో ఎలాగూ దొరుకుతాయి. శివారు కాంప్లెక్సుకు రోజూ మనిషిని రప్పించేది కర్రీ పాయింటు, బ్లౌజులు కుట్టే టైలరు, సెలూను, ఫోను మరమ్మతు, పచ్చళ్లూ పిండివంటలూ అమ్మే దుకాణం. వీళ్లు చిన్న చోటు అడుగుతారు, బోర్డు కోసం పట్టుబట్టరు, గిరాకీ తగ్గిందని దుకాణం మూసేయమనే పైఅధికారి వీళ్లకు ఉండడు.

అపోహ: పై అంతస్తులకు గిరాకీ ఉండదు.

వాస్తవం: నడుస్తూ పోతూ లోపలికి తొంగిచూసే వ్యాపారానికే ఆ ఇబ్బంది. జిమ్, నృత్యం, అబాకస్ తరగతులు, ఫిజియోథెరపీ వంటివాటికి మనుషులు ముందే అనుకుని వస్తారు కాబట్టి రెండో అంతస్తైనా వస్తారు. పిల్లవాడిని తరగతిలో దింపిన తల్లిదండ్రులకు కింద గంటసేపు చేయడానికి పని ఉండేలా చూసుకోవాలి.

అపోహ: పార్కింగు కూడా ఒక ఆదాయమే.

వాస్తవం: 2018 ఏప్రిల్ నుంచి తెలంగాణలో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం మాల్స్, వాణిజ్య సముదాయాల్లో మొదటి 30 నిమిషాలు అందరికీ ఉచితం, గంటలోపు ఏదైనా కొన్న బిల్లు చూపితే ఉచితం, గంట దాటినా పార్కింగు రుసుముకు మించిన బిల్లు ఉంటే ఉచితమే. కాబట్టి ఇక్కడ చూడవలసింది రుసుమును కాదు, ఒక్కో అద్దెదారు ఒక్కో బండిని ఎంతసేపు నిలిపి ఉంచుతాడన్నదాన్ని. మందుల దుకాణం ముందు బండి పది నిమిషాల్లో కదులుతుంది, మండీ రెస్టారెంటు ముందు గంటన్నర కదలదు. జిమ్ తెల్లవారుజామున నిండుతుంది, సూపర్‌మార్కెట్ సాయంత్రం నిండుతుంది, కాబట్టి ఆ రెండూ ఒకే సెల్లారుతో సర్దుకోగలవు. ఫంక్షన్ హాలు మాత్రం ముహూర్తాల రోజుల్లో ఆ సెల్లారునూ, దాని ముందున్న రోడ్డునూ పూర్తిగా ఆక్రమిస్తుంది. పై అంతస్తుకు మంచి అద్దె వస్తుందని దాన్ని ఒప్పుకునే ముందు, కింది దుకాణాల వాళ్లు శని, ఆదివారాల్లో చేసే అమ్మకాలను ఒకసారి అడిగి రాసుకోవాలి.