కొండ అడవుల్లో కుదరని వేషం

పాపిలియో డార్డానస్ అనే సీతాకోకచిలుక సహారాకు దక్షిణాన ఆఫ్రికా అడవుల్లో విస్తృతంగా కనిపిస్తుంది. మగవాటికి లేత పసుపు రెక్కలు, నల్లటి అంచులు, వెనక రెక్కలకు తోకలు ఉంటాయి. ఆడవి మాత్రం ఒకే అడవిలో కూడా పలు రూపాల్లో ఉంటాయి, చాలాచోట్ల వాటికి తోకలే ఉండవు. వేర్వేరు జాతులుగా లెక్కించిన ఈ ఆడవన్నీ ఆ పసుపు మగవాటి జోడులేనని దక్షిణాఫ్రికాలో పనిచేసిన రోలాండ్ ట్రైమెన్ 1869లో వాదించినప్పుడు కొందరు కీటకశాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు.

ఈ ఆడ రూపాల్లో ఎక్కువ భాగం పక్షులు ముట్టని చేదు జాతులకు నకళ్లు. వాటిలో ఒకటి అనుకరించేది ప్లెయిన్ టైగర్‌ను, అంటే మన చేలగట్ల మీద జిల్లేడు ఆకులు తిని పెరిగే నారింజ రంగు సీతాకోకచిలుకనే. జిల్లేడు విషం దానికి రక్ష. డార్డానస్ గొంగళిపురుగులు నిమ్మ కుటుంబపు ఆకులు తింటాయి కనుక వాటికి ఆ విషం దొరకదు.

అయితే అసలు జాతి చేదు రుచి చూసిన పక్షులు ఉన్నచోటే నకలు చెల్లుతుంది. విక్టోరియా సరస్సు ఒడ్డున ఎంటెబ్బేలో చేదు జాతులు విరివిగా ఉండేవి, అక్కడ సేకరించిన నకళ్లలో పోలిక సరిగా కుదరనివి నూటికి నాలుగే. సుమారు 1,700 మీటర్ల ఎత్తున, చేదు జాతులు అరుదైన నైరోబీ పరిసరాల్లో అలాంటివి దాదాపు మూడో వంతు. పోలిక తప్పినవాటిని ఏరివేసే ఒత్తిడి అక్కడ సడలిందన్న వివరణ నాకు సబబుగానే తోస్తుంది.

లివర్‌పూల్‌లో సిరిల్ క్లార్క్, ఫిలిప్ షెపర్డ్ వేర్వేరు ప్రాంతాల డార్డానస్‌లను చేతులతో జతకూర్చి, ప్రధాన రూపాన్ని ఒకే జన్యుస్థానం (క్రోమోజోమ్‌పై జన్యువు ఉండే చోటు) నిర్ణయిస్తుందనీ, పోలికకు మెరుగులు దిద్దేవి వేరే జన్యువులనీ తేల్చారు. (వైద్యుడైన క్లార్క్, తర్వాత తల్లీబిడ్డల ఆర్‌హెచ్ రక్తవైరుధ్యం (రక్త గుర్తులు కలవకపోవడం) నుంచి శిశువులను కాపాడే చికిత్స రూపకల్పనలోనూ ముఖ్యుడయ్యాడు.) ఆ జన్యుస్థానం ఎన్‌గ్రెయిల్డ్, ఇన్‌వెక్టెడ్ అనే జన్యువుల ప్రాంతంలో ఉందని ఈ శతాబ్దపు పరిశోధనలు చూపాయి.

ఇథియోపియా ఎత్తైన అడవుల్లోని ఉపజాతిలో ఆడవి చాలావరకు మగవాటిలాగే పసుపు రంగులో ఉంటాయి. చేదు జాతుల రంగులు తొడిగే కొద్దిపాటి ఆడవాటికి కూడా, ఆ చేదు జాతులకు లేని తోకలు ఉంటాయి. తోక సంక్రమణ రంగుతో ముడిపడి లేదని, దాన్ని వేరొక జన్యువు శాసిస్తుందని క్లార్క్, షెపర్డ్‌ల సంకరాలే వెల్లడించాయి.