దశమభాగం బాకీ పడితే శాపం తగులుతుందా?

అపోహ: దశమభాగం (సంపాదనలో దేవుడికిచ్చే పదోవంతు) ఎగ్గొడితే ఇంటిమీదికి శాపం వస్తుంది.

మిషన్ కుట్టి ఇద్దరు పిల్లల్ని సాకుతున్న ఒక సహోదరి మొన్న ఉపవాస ప్రార్థన అయ్యాక ఒక నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. పిల్లాడి పాత లెక్కల పుస్తకం. వెనక పేజీల్లో నెలనెలా సంపాదన, పక్కన అందులో పదోవంతు, ఇవ్వని నెలలకి ఎర్ర పెన్నుతో గీత. బాకీ మొత్తం 14,200. భర్త పోయి రెండేళ్ళు. పిల్లాడికి టైఫాయిడ్ తిరగబెట్టింది, అది ఈ బాకీ వల్లేనని ఆమె టెన్షన్. "డ్వాక్రా లోను వస్తోంది అయ్యగారూ, అందులోంచి కట్టేస్తాను" అంది. ఇదంతా ఎవరు చెప్పారమ్మా అంటే తల దించుకుంది. "మీరే కదండీ, మందిరం కట్టేటప్పుడు."

నిజమే. స్లాబుకి డబ్బు చాలక మూడు ఆదివారాలు వరసగా, దశమభాగం ఇవ్వనివాళ్ళు శాపగ్రస్తులనే మలాకీ మూడో అధ్యాయం చదివాను.

వాస్తవం: ఆ శాపం మోషే ధర్మశాస్త్రం కింద ఉన్న ఇశ్రాయేలీయులకు చెప్పింది. క్రీస్తు మన కోసం శాపమై ఆ శాపం నుంచి మనల్ని విడిపించాడని పౌలు రాసిన గలతీ పత్రిక 3:13లో ఉంది. గలతీ విశ్వాసుల్నీ ఇలాగే సున్నతి చేయించుకుంటేనే రక్షణ అని కొందరు కలవరపెట్టారు. ఆ ఒక్కటి నెత్తికెత్తుకుంటే ధర్మశాస్త్రం మొత్తం చెయ్యాల్సిందేనన్నాడు పౌలు (5:3). మరి దశమభాగం పేరుతో భయపెట్టేవాళ్ళం ద్వితీయోపదేశకాండం 14:28, 29 చదవమేం? మూడేళ్ళకోసారి ఆ పదోవంతు ఆలయ సేవ చేసే లేవీయులతో పాటు పరదేశులూ, తండ్రిలేని పిల్లలూ, విధవరాళ్ళూ తిని తృప్తిపడాలి. ఆ లెక్కన ఈమె పుచ్చుకోవాల్సిన మనిషి!

అబ్రాహాము ధర్మశాస్త్రానికి ముందే ఇచ్చాడు కదా అంటారు. ఇచ్చాడు, యుద్ధంలో దొరికిన సొమ్ములోంచి. ఇవ్వకపోతే శాపమని అతన్ని ఎవరూ బెదిరించలేదు.

కానుకలు మానేయమనడం లేదు. బలవంతం లేకుండా, మనసులో అనుకున్నంత ఇవ్వండి (2 కొరింథీ 9:7). ఉన్నదాన్ని బట్టే గాని లేనిదాన్ని బట్టి కాదని దాని ముందు అధ్యాయంలోనే ఉంది. అప్పు చేసి అసలే వద్దు.

మిగతా అపోహలు గబగబా. కమ్మలు పెట్టుకుంటే రక్షణ పోదు. 1 పేతురు 3:3లో బంగారంతో పాటు జడలూ, బట్టలూ కూడా ఉన్నాయి, జడ వేసుకుని వచ్చినవాళ్ళని గుమ్మం దగ్గర ఎవరూ ఆపట్లేదే! శనివారమే ఆరాధించాలనే గొడవకి, విశ్రాంతి దినం విషయంలో ఎవరూ మీకు తీర్పు తీర్చకూడదనే కొలొస్సీ 2:16 చాలు. మాత్ర మింగితే అవిశ్వాసం కాదు, పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడు. షుగరు మాత్రలు మాత్రం ఎవరు చెప్పినా ఆపకండి, దండం పెడతాను.

లోను డబ్బుతో ముందు పిల్లాడికి మందులు కొనమన్నాను. ఆ నోటుబుక్కు నా బల్ల మీదే ఉంది. శాపం మాటకి సరిగ్గా నాలుగు వచనాల పైన, కూలివాళ్ళనీ విధవరాళ్ళనీ బాధపెట్టేవాళ్ళ మీద తానే సాక్షిగా వస్తానంటాడు దేవుడు. వచ్చే ఆదివారం మలాకీ మూడు మళ్ళీ చదువుతాను, ఈసారి ఆ ఐదో వచనం నుంచి.