"మా యూనిట్‌లో ఆనవాయితీ, సార్": సైనిక నేర చట్టంపై అపోహలు - వాస్తవాలు

సైనిక కేసులు చూసే వకీలును నేను. చార్జిషీటు చేతికి రాగానే జవాన్లు నాకు ఫోన్ చేసి ముందుగా చెప్పే మాట ఇదే: "ఎప్పటినుంచో అందరూ అలాగే చేస్తున్నారు, సార్. నాది తప్పెలా అవుతుంది?"

అపోహ: అందరూ చేసేదే చేస్తే శిక్ష ఉండదు.

వాస్తవం: ఉంటుంది. ఒక యూనిట్‌లో పాతుకుపోయిన అలవాటు వేరు, సైన్యమంతా పాటించి తీరాలని భావించే సంప్రదాయం వేరు. ఆ సంప్రదాయం కూడా 1950 నాటి ఆర్మీ యాక్ట్‌లో రాసి ఉన్నదాన్ని తోసిపుచ్చలేదు.

శ్రీకాకుళం వైపు హవల్దార్ ఒకరు స్టోర్ బాధ్యత తీసుకుంటూ, వస్తువులు లెక్కపెట్టకుండానే లెడ్జర్‌లో సంతకం చేశారు. తనిఖీలో దుప్పట్లు, జెర్రీ క్యాన్లు తక్కువ వచ్చాయి. కమాండింగ్ ఆఫీసర్ ఎదుట ఆర్మీ రూల్స్‌లోని రూల్ 22 కింద జరిగే తొలి విచారణలో సాక్షులను ప్రశ్నించే హక్కు ఆ హవల్దార్‌కు ఉంది. తాళం ఎవరి దగ్గర ఉండేది? స్టోర్ సరుకు తనిఖీ చేసే బోర్డు చివరిసారి ఎప్పుడు లెక్కపెట్టింది? ఒక్కటీ అడగలేదు. "లెక్కపెట్టకపోవడం మా ఆనవాయితీ" అన్నారు. అభియోగంలో సగం తానే ఒప్పుకున్నట్టయింది. నా దగ్గరకు వచ్చేసరికి ఆ మాట రికార్డులోకి ఎక్కేసింది. పై అధికారులు ఆ అలవాటును చూస్తూ ఊరుకున్నారనడానికి కాగితమో సాక్షో ఉంటే శిక్ష తగ్గించమని అడగవచ్చు. దానితో నేరమే లేదని గెలవడం చాలా కష్టం.

అపోహ: చట్టంలో పేరు లేని పని నేరం కాదు.

వాస్తవం: ఆర్మీ యాక్ట్ సెక్షన్ 63 చూడండి. క్రమశిక్షణకు భంగం కలిగించే ఏ పనైనా దాని కిందికి వస్తుంది. ఏడేళ్ల వరకు జైలు. ఏది భంగమో తేల్చేటప్పుడు కోర్టు మార్షల్‌లో (సైనిక కోర్టులో) తీర్పు చెప్పే అధికారులు తమ సైనిక పరిజ్ఞానాన్ని వాడుకోవచ్చని సెక్షన్ 134 చెబుతోంది. ఆచారానికి అసలు బలం ఇక్కడే. కానీ మీరు ఆ పని చేశారనడానికి సాక్ష్యం మాత్రం కావాల్సిందే.

అపోహ: వివాహేతర సంబంధం నేరం కాదన్న సుప్రీంకోర్టు 2018 తీర్పుతో అది సైన్యంలోనూ తప్పు కాకుండా పోయింది.

వాస్తవం: ఆ తీర్పు సైనిక చట్టాలకు వర్తించదని సుప్రీంకోర్టు 2023 జనవరిలో స్పష్టం చేసింది. వాట్సాప్‌లో తిరిగేది నమ్మి ఉద్యోగం పోగొట్టుకోకండి.

అపోహ: సమ్మరీ కోర్టు మార్షల్‌లో (కమాండింగ్ ఆఫీసర్ ఒక్కరే జరిపే సైనిక విచారణలో) వకీలును రానివ్వరు, ఆ తర్వాత దిక్కులేదు.

వాస్తవం: రాత్రివేళ ఏడుస్తూ ఫోన్ చేసే ఇల్లాళ్లకు ఇది ముందుగా చెబుతాను. వకీలు సాక్షులను ప్రశ్నించలేరు గానీ పక్కన కూర్చుని సలహా ఇవ్వవచ్చు. తీర్పు తర్వాత సెక్షన్ 164 కింద పిటిషన్ ఉంది, సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. సంతకం చేసిన ప్రతి కాగితానికీ నకలు అడిగి తీసుకోమని మీ ఆయనకు మీరు చెప్పండమ్మా.