గుద్దు పుట్టేది కాళ్లలో

మొదటిసారి పంచింగ్ బ్యాగ్ ముందు నిలబడినవాళ్లు దాదాపు అందరూ ఒకే పని చేస్తారు. భుజాలు బిగించి, ఊపిరి బిగబట్టి, చేతిలో ఉన్న బలమంతా పెట్టి గుద్దుతారు. బ్యాగ్ కాస్త ఊగుతుంది, అంతే. నిమిషం గడిచేసరికి భుజాలు మండుతుంటాయి, చేతులు వాటంతటవే కిందికి జారుతుంటాయి. పక్కనే ఓ సన్నపాటి మనిషి తాపీగా కొట్టిన దెబ్బకు అదే బరువున్న బ్యాగ్ ధడేల్‌మని మోగుతుంది. తేడా కండల్లో లేదు. బలం ఎక్కడ బయలుదేరుతోందన్న దాంట్లో ఉంది.

కుడిచేతి వాటం వాళ్లు మామూలుగా ఎడమ కాలు ముందుకు, కుడి కాలు వెనక్కి పెట్టి నిలబడతారు. వెనక చేత్తో నేరుగా కొట్టే గుద్దును క్రాస్ అంటారు. దాన్ని నెమ్మదిగా గమనిస్తే ముందుగా కదిలేది చెయ్యి కాదు, కుడి పాదం. పాదం ముందు భాగం నేలను తోస్తుంది, మడమ లేచి బయటికి తిరుగుతుంది. ఆ తోపు మోకాలి మీదుగా పైకి వెళ్లి తుంటిని తిప్పుతుంది. తుంటి వెంట నడుము, నడుము వెంట భుజం తిరుగుతాయి. ఆ తర్వాతే మోచెయ్యి చాచుకుని పిడికిలి దూసుకెళుతుంది. 1985లో వెలువడిన ఒక సోవియట్ అధ్యయనం ఈ వాటాలను లెక్కగట్టింది. ఆరితేరిన బాక్సర్ల గుద్దులో కాళ్ల వాటా సుమారు 38 శాతం, నడుము తిప్పడం వల్ల వచ్చేది 37 శాతం, చేతిది 24 శాతం. అనుభవం తక్కువున్నవాళ్లలో మాత్రం చేతి వాటా 38 శాతానికి పెరిగి, కాళ్లది 17 శాతం దగ్గరే ఆగిపోయింది. అంటే నేర్చుకునేకొద్దీ గుద్దు చేతుల్లోంచి కాళ్లలోకి దిగుతుంది. ఫిట్‌నెస్ కోసం బాక్సింగ్ మొదలుపెట్టేవాళ్లకు ఇంతకన్నా మంచి వార్త ఉండదు. సరిగ్గా కొట్టిన ప్రతి గుద్దుకూ పిక్కలు, తొడలు, పిరుదులు, పొట్ట పక్క కండరాలు, వీపు అన్నీ వరసగా పనిచేస్తాయి.

ఇందులో ఇంకో సూక్ష్మం ఉంది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన స్టూవర్ట్ మెక్‌గిల్ బృందం పేరున్న మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ ఫైటర్ల ఒంటికి ఎలక్ట్రోడ్లు అంటించి, దెబ్బ కొట్టేటప్పుడు కండరాలు ఏం చేస్తున్నాయో కొలిచింది. 2010లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం నడుము చుట్టూ ఉన్న కండరాలు ఒక్క దెబ్బలోనే రెండుసార్లు బిగుసుకుంటాయి. కదలిక మొదలైనప్పుడు ఒకసారి, దెబ్బ తగిలే క్షణంలో మరోసారి. మధ్యలో వదులవుతాయి. బిగుసుకున్న కండరం వేగంగా కదల్లేదు, వదులుగా ఉన్న ఒళ్లు దెబ్బకు బరువు ఇవ్వలేదు. ఆ రెంటినీ సెకనులో చిన్న భాగంలో మార్చుకుంటూ పోవడమే అసలు నేర్పు. కొత్తవాళ్లు మొదటినుంచి చివరిదాకా బిగించే ఉంచుతారు, అందుకే బలం తగ్గుతుంది, అలసట పెరుగుతుంది. గుద్దు కొట్టే ప్రతిసారీ బాక్సర్లు ముక్కులోంచో పళ్ల సందునుంచో ‘ష్’ అని గాలి వదలడం చూసే ఉంటారు. ఆ శబ్దం హడావిడి కోసం చేసేది కాదు. గాలిని చురుగ్గా వదిలితే పొట్ట కండరాలు సరైన క్షణంలో బిగుస్తాయి, ఊపిరి బిగబట్టే అలవాటు పోతుంది. బిగబట్టి గుద్దితే రక్తపోటు ఒక్కసారిగా పైకి ఎగబాకుతుంది.

మరి భుజాలు ఎందుకు మండుతాయి? గుద్దుల వల్ల కొంత, గార్డ్ వల్ల ఎక్కువ. పిడికిళ్లను చెంపల దగ్గరే పట్టి ఉంచాలంటే భుజం కండరాలు కదలకుండా పని చేస్తూనే ఉండాలి. అలా ఆగకుండా బిగుసుకున్న కండరం తనలోని రక్తనాళాలను తానే నొక్కుతుంది. ఆక్సిజన్ తగ్గుతుంది, వ్యర్థాలు అక్కడే పేరుకుంటాయి. రెండు మూడు వారాల సాధన తర్వాత గార్డ్‌ను తక్కువ బిగింపుతో పట్టుకోవడం ఒంటికి అలవడుతుంది.

నేటి బాక్సింగ్‌కు పునాది అయిన క్వీన్స్‌బెర్రీ నియమాలు 1867లో వచ్చాయి. మూడు నిమిషాల రౌండు, ఒక నిమిషం విరామం అన్న లెక్క వాటితోనే స్థిరపడింది. వాటిని రాసినవాళ్లకు శరీరంలో శక్తి ఎలా తయారవుతుందో తెలిసే అవకాశం లేదు, అయినా ఆ లెక్క ఒంటికి చక్కగా కుదిరింది. గుద్దుల వరస మొదలైన తొలి పదిసెకన్లకు కండరంలో అప్పటికే దాచి ఉన్న ఫాస్ఫోక్రియాటిన్ అనే తక్షణ ఇంధనం సాయం చేస్తుంది. అది తగ్గగానే కండరం తనలోని గ్లైకోజెన్‌ను, అంటే నిల్వ ఉన్న చక్కెరను, ఆక్సిజన్ లేకుండానే వేగంగా విరగ్గొట్టుకుంటుంది. రౌండు సాగేకొద్దీ ఆక్సిజన్‌తో నడిచే నిదానమైన వ్యవస్థ పెద్ద భారం మోస్తుంది. ఆ నిమిషం విరామంలో రొప్పుతూ కూర్చున్నా లోపల పని ఆగదు, ఫాస్ఫోక్రియాటిన్ నిల్వలో మంచి భాగం తిరిగి నిండుతుంది. ఈ రోజుల్లో ఇంటర్వల్ ట్రైనింగ్ అని అందరూ మెచ్చుకునే పద్ధతి, కాసేపు శ్రమ కాసేపు విరామం, బాక్సింగ్ రౌండ్లలో ఎప్పటినుంచో ఉంది.

అయితే నా దృష్టిలో బాక్సింగ్ గొప్పతనం గుండెకో కండలకో చేసే మేలు దగ్గర ఆగదు. అంత మేలు పరుగూ చేస్తుంది, ఈతా చేస్తుంది. మానకుండా చేయాలనిపించడమే ఇక్కడ ముఖ్యం. ముందు చేత్తో నేరుగా కొట్టే జాబ్‌కు ఒకటి, క్రాస్‌కు రెండు, మోచెయ్యి వంచి పక్కనుంచి కొట్టే హుక్‌కు మూడు అని కోచ్‌లు సంఖ్యలతో పిలుస్తారు. గుద్దులు పట్టే మెత్తటి ప్యాడ్స్ చేతులకు తొడుక్కున్న కోచ్ ‘ఒకటి, రెండు, మూడు, రెండు’ అన్నాక ఆ వరస గుర్తుపెట్టుకోవాలి, పాదాలు సరిచూసుకోవాలి, కొట్టిన చెయ్యి వెంటనే గార్డ్‌కు తెచ్చుకోవాలి, ప్యాడ్ తన మీదికి వస్తే తల వంచాలి. ట్రెడ్‌మిల్ మీద పదే పదే గడియారం చూసే మనిషికి ఇక్కడ టైమ్ చూసే తీరికే ఉండదు. దృష్టి బయటి పనిమీద ఉన్నప్పుడు అదే శ్రమ తక్కువగా తోస్తుందని వ్యాయామ మనస్తత్వ శాస్త్రం చెబుతోంది. శ్రమ మరీ తీవ్రమైతే ఆ వెసులుబాటు పోతుంది, ఒంటి మొర మనసును లాగేసుకుంటుంది. అందుకే మంచి కోచ్ కొత్తవాళ్లను మొదటి రోజే ఆయాసంతో కూలబడేదాకా తోయడు. పైగా ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది. గుద్దు సరిగ్గా పడితే వినిపించే శబ్దమే వేరు. ఆ శబ్దం మళ్లీ వినాలన్న కోరిక మనిషిని మర్నాడు కూడా రప్పిస్తుంది.

ఒళ్లూ మెదడూ కలిసి పనిచేయాల్సిన ఈ గుణం వల్లే పార్కిన్సన్ వ్యాధి ఉన్నవాళ్లూ గ్లవ్స్ తొడుగుతున్నారు. 2006లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో, తనకే ఆ వ్యాధి ఉన్న స్కాట్ న్యూమన్ ‘రాక్ స్టెడీ బాక్సింగ్’ను ప్రారంభించారు. అక్కడ ఎవరూ ఎవర్నీ కొట్టరు. బ్యాగ్, ప్యాడ్స్, అడుగులు వేయడం, గట్టిగా అరవడం, ఇవే ఉంటాయి. ఇది మందులకు బదులు కాదు. నడకా నిలకడా చెదిరే వ్యాధిలో పాదాల మీద, వేగం మీద దృష్టి పెట్టించే సాధన ఎందుకు పనికొస్తుందో అర్థం చేసుకోవడం కష్టం కాదు.

కేలరీల గురించి మాత్రం గంటకు వెయ్యి అంటూ చెప్పే మాటలు నమ్మకండి. శారీరక శ్రమల తీవ్రతను పోల్చే 2011 నాటి పట్టిక ఎంఈటీ (MET) అనే కొలత వాడుతుంది, ఊరికే కూర్చున్నప్పటి ఖర్చు అందులో ఒకటి. దాని ప్రకారం మామూలు నడక మూడున్నరకు దగ్గరగా ఉంటే, బ్యాగ్ గుద్దడం 5.5, ఎదుటి మనిషితో సాధనగా తలపడే స్పారింగ్ 7.8, రింగులో పోటీ 12.8. అరవై కిలోల మనిషి అరగంట బ్యాగ్ కొడితే ఖర్చయ్యేది సుమారు 165 కేలరీలు. తక్కువేం కాదు, అద్భుతమూ కాదు.

ఇక తల సంగతి. బాక్సర్ల మెదడుకు జరిగే హాని గురించి హారిసన్ మార్ట్‌లాండ్ అనే వైద్యుడు 1928లోనే రాశాడు. హెడ్‌గార్డ్ పెట్టుకుంటే చాలనుకోవడం పొరపాటు. అది చర్మం చిట్లకుండా కాపాడుతుంది కానీ, పుర్రె లోపల మెదడు కుదుపును ఆపలేదు. 2016 రియో ఒలింపిక్స్‌లో పురుషులు హెడ్‌గార్డ్ లేకుండానే పోటీపడ్డారు. ఆరోగ్యం కోసం వచ్చిన మనిషి తలమీద ఒక్క దెబ్బ కూడా తినాల్సిన పనిలేదు. ఇప్పటిదాకా చెప్పిన లాభాలన్నీ బ్యాగ్‌తో, ప్యాడ్స్‌తో, గాలిలో గుద్దే షాడో బాక్సింగ్‌తో దొరికేవే. కొత్తగా చేరినవాళ్లను స్పారింగ్‌కు దింపాలని తొందరపడే చోటు నుంచి బయటికి వచ్చేయడమే మంచిది.

చేతుల్ని కాపాడుకోవడం మన చేతిలోనే ఉంది. దెబ్బ చూపుడు వేలు, మధ్య వేలు మొదట్లోని కణుపుల మీద పడాలి. ఆ రెంటి వెనక ఉన్న ఎముకలు మణికట్టుకు గట్టిగా అతుక్కుని ఉంటాయి. చిటికెన వేలి వైపు ఎముక సన్నం, వదులు. అది విరగడం ఎంత మామూలంటే దానికి బాక్సర్స్ ఫ్రాక్చర్ అన్న పేరే స్థిరపడింది. బొటనవేలు పిడికిలి లోపల కాకుండా బయట ఉండాలి, మణికట్టు వంగకూడదు. గ్లవ్స్ కింద నాలుగున్నర మీటర్ల గుడ్డ పట్టీ చుట్టుకోవడం మొదటి రోజు నుంచే నేర్చుకోవాలి.

బ్యాగ్ లేనివాళ్లు గాలిలో గుద్దుతూ మొదలుపెట్టవచ్చు. షాడో బాక్సింగ్ తేలిక అనిపిస్తుంది కానీ, అక్కడ చెయ్యిని ఆపడానికి బ్యాగ్ ఉండదు. భుజం వెనక కండరాలే బ్రేక్ వేయాలి. మోచెయ్యి పూర్తిగా చాచి తాళం పడేలా విసిరితే కీలు నొస్తుంది, కొంచెం వంపు మిగలాలి. బరువుంటే మంచిదని చిన్న డంబెల్స్ పట్టుకుని గుద్దేవాళ్లున్నారు. గుద్దు ముందుకు వెళుతుంది, డంబెల్ బరువు కిందికి లాగుతుంది. పెరిగేది గుద్దు బలం కాదు, భుజం కీలు మీద భారం.

పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యరకం వ్యాయామం గానీ, 75 నిమిషాల తీవ్ర వ్యాయామం గానీ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రెండు నిమిషాల రౌండ్లు నాలుగైదుతో మొదలుపెట్టండి. రౌండు మధ్యలో రెండు మూడు మాటలకు మించి పలకలేకపోతుంటే తీవ్రమైన శ్రమలో ఉన్నట్టే లెక్క. గుండెజబ్బో అదుపులో లేని బీపీయో ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగాలి. బ్యాగ్ కొట్టే రోజుల మధ్య ఒక రోజు ఖాళీ వదలండి. కండరాలు త్వరగా బలపడతాయి కానీ, మణికట్టు దగ్గరి స్నాయువులకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.