ఖర్చు ఒక పుస్తకంలో, వైద్యం మరో పుస్తకంలో

ఆసుపత్రికి ఇచ్చిన డబ్బు ఏమైందో, దానితో ఎంతమందికి నయమైందో పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన కంప్యూటర్లతో పుట్టింది కాదు. 1860లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభకు ఫ్లోరెన్స్ నైటింగేల్ ఒక ప్రతిపాదన పంపారు: ఆసుపత్రులన్నీ ఒకే తరహాలో లెక్కలు రాయాలని. ఒక ఆసుపత్రిని మరోదానితో పోల్చడానికి పనికొచ్చే రికార్డులు ఆమె వెతికితే దాదాపు ఎక్కడా దొరకలేదు. అవే ఉంటే చందాలిచ్చినవాళ్లకు తమ డబ్బు ఎలా ఖర్చవుతోందో, దానివల్ల మేలు జరుగుతోందో కీడు జరుగుతోందో తెలిసేదని 1863లో రాశారు. కీడు అనే మాట వాడడానికి ఆమె వెనకాడలేదు. ఈ విషయంలో ఇంతకంటే సూటి ప్రశ్న నాకు ఎక్కడా కనిపించలేదు.

లండన్‌లో కొన్ని ఆసుపత్రులు ఆమె ఫారాలు వాడి చూశాయి గాని అలవాటు నిలవలేదు. ఆ తర్వాత రెండు లెక్కలూ ఎవరి దారిన అవి నడిచాయి. ఆర్థికశాఖకు కావాల్సింది పద్దులు: జీతాలు, మందులు, ఇంధనం, మరమ్మతులు. మంజూరైన పద్దు దాటి పైసా పోలేదని తేలితే ఆడిట్ ముగిసినట్టే. వైద్య సిబ్బంది రాసేది కాన్పులు, టీకాలు, ఓపీ.

అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ ఫెటర్, జాన్ థాంప్సన్ రోగులను జబ్బును బట్టి, చికిత్సకయ్యే ఖర్చును బట్టి గుంపులుగా విడగొట్టారు. 1983 నుంచి అక్కడ ప్రధానంగా వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్ ఆ గుంపుల ప్రకారమే ఆసుపత్రులకు చెల్లించడం మొదలుపెట్టింది. అలా బిల్లూ చికిత్సా ఒకే కాగితం మీదికి వచ్చాయి. కానీ అది బిల్లు వేసే ఆసుపత్రుల సంగతి. బడ్జెట్ మీద నడిచే ఉచిత ఆరోగ్య కేంద్రం బిల్లు వేయదు.

అలా బడ్జెట్ మీద నడిచే బడులకూ క్లినిక్‌లకూ డబ్బు ఎంత చేరుతోందో 1996లో ఉగాండాలో సర్వే చేసి వెతికారు. 1991–95 మధ్య బడులకు విడుదలైన తలసరి గ్రాంటులో సగటున 13 శాతమే బడి గుమ్మం దాకా వచ్చిందని తేలింది. తర్వాత ప్రభుత్వం ఏ జిల్లాకు ఎంత పంపిందో పత్రికల్లో వేయించింది, చేరే వాటా బాగా పెరిగింది. క్లినిక్‌ల గురించీ అదే సర్వే అడిగింది గాని, అక్కడి రికార్డులతో ఎంత డబ్బు దారి తప్పిందో కూడా చెప్పలేకపోయారు. 2004లో చాద్‌లో జరిగిన సర్వేలో జీతాలు కాని ఆరోగ్య బడ్జెట్‌లో ఒక్క శాతం కూడా ఆరోగ్య కేంద్రాలకు చేరలేదని బయటపడింది.

ఈలోగా సేవల లెక్క చాలా మెరుగైంది. 1990ల్లో దక్షిణాఫ్రికాలో మొదలై ఓస్లో విశ్వవిద్యాలయం పెంచిన డీహెచ్ఐఎస్ అనే ఆరోగ్య సమాచార సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఎన్నో దేశాల్లో కేంద్రాల వారీగా నెలనెలా అంకెలు చూపిస్తోంది. వాటి పక్కన ఖర్చు పెట్టబోతేనే చిక్కంతా. ఖర్చు పుస్తకంలో చాలాచోట్ల జిల్లా కార్యాలయమే ఆఖరి పేరు. దాని కింది కేంద్రాల జీతాలన్నీ ఒకే వరుసలో కలిసిపోతాయి. మందులు సెంట్రల్ స్టోర్ నుంచి పెట్టెల్లో వస్తాయి కాబట్టి కేంద్రం పేరు మీద డబ్బే కనిపించదు. దాతల నిధులు చాలావరకు బడ్జెట్ బయటే తిరుగుతాయి. ఒకే కేంద్రం పేరు రెండు చోట్లా రెండు స్పెల్లింగులతో ఉంటుంది. అందుకే ప్రతి కేంద్రానికీ ఒకే కోడ్ ఇచ్చి, దాన్ని రెండు పుస్తకాల్లోనూ వాడాలని ఈ పని చేసేవాళ్లు మొత్తుకుంటారు. చూడ్డానికి చిన్న పనే గాని, రెండు శాఖలు ఒప్పుకుంటే తప్ప జరగదు.

కలిపిన అంకెలతో తొందరపడితే మాత్రం అన్యాయం జరుగుతుంది. కొండల మధ్య పలచగా జనం ఉన్నచోట ఒక్కో కాన్పుకు ఖర్చు ఎక్కువే పడుతుంది. ఆ అంకె చూపించి కేంద్రాన్ని మూసేయడం తప్పు. కానీ ఏడాదంతా జీతాలు పడి, కాన్పుల గడిలో పన్నెండు నెలలూ సున్నాలే ఉంటే ఎవరో ఒకరు అక్కడికి వెళ్లి చూడాలి. నర్సు రావడం లేదా, వచ్చినా రాత్రిపూట కరెంటు ఉండడం లేదా, లేక కాన్పులు జరుగుతున్నా రిజిస్టర్‌లో రాసే మనిషి లేరా?