కాగితం లేని యుద్ధం: హ్మాంగ్ ప్రజల నోటి చరిత్ర ఎక్కడి నుంచి వచ్చింది

అమెరికాలోని సెయింట్ పాల్ నగరంలో ఉండే హ్మాంగ్ పెద్దవాళ్ళలో చాలామందికి గుర్తింపు కార్డు మీద పుట్టిన తేదీ జనవరి 1. లావోస్ కొండల్లో వాళ్ళు పుట్టినప్పుడు ఎవరూ తేదీ రాసుకోలేదు. శరణార్థిగా పేరు నమోదు చేసుకునేటప్పుడు ఫారంలో ఏదో ఒక తేదీ వేయాలి కాబట్టి అది పడింది. పేర్లకూ ఇదే చిక్కు. పెళ్ళయి పిల్లలు పుట్టాక మగవాడికి అత్తింటివాళ్ళు ఒక పెద్దరికపు పేరు పెట్టడం హ్మాంగ్ ఆచారం. అందుకని ఒకే మనిషి ఒక కాగితంలో ఒక పేరుతో, ఇంకో కాగితంలో ఇంకో పేరుతో కనిపిస్తాడు. వాళ్ళ కథ తెలియాలంటే కాగితాలు వెతికితే చాలదు, ఎదురుగా కూర్చుని వినాలి.

హ్మాంగ్ ప్రజలు 19వ శతాబ్దంలో దక్షిణ చైనా నుంచి లావోస్, వియత్నాం కొండలకు దిగివచ్చారు. పోడు వ్యవసాయం చేసేవారు, వరి, మొక్కజొన్న, నల్లమందు పండించేవారు. ఇప్పుడు ఎక్కువగా వాడే రోమన్ లిపిని 1950ల మొదట్లో క్రైస్తవ మిషనరీలు తయారుచేశారు. 1959లో షాంగ్ లూ యాంగ్ అనే రైతు, చదువు రాని మనిషి, తమ భాషకు సొంతంగా ఒక లిపిని కనిపెట్టాడు. 1971లో అతన్ని చంపేశారు. ఈ లిపులు వచ్చేదాకా ఆ జాతికి గ్రంథాలయం అంటే వృద్ధుల గొంతే.

వియత్నాం యుద్ధ కాలంలో అలాంటి ప్రజల మీదకి లావోస్‌లో వచ్చిన యుద్ధం కూడా కాగితం మీద లేనిదే. 1962 జెనీవా ఒప్పందం లావోస్‌ను తటస్థ దేశంగా ప్రకటించింది. విదేశీ సైన్యాలు అక్కడ ఉండకూడదు. ఉత్తర వియత్నాం సైన్యం వెనక్కి పోలేదు. అమెరికా పైకి ఒప్పందాన్ని పాటిస్తున్నట్టు కనిపిస్తూనే, తన గూఢచార సంస్థ సీఐఏ ద్వారా జనరల్ వాంగ్ పావో నాయకత్వంలో హ్మాంగ్ సైన్యాన్ని నడిపింది. ఆయనతో సీఐఏ మాటలు మొదలైంది 1961లోనే. లాంగ్ చెంగ్ లోయలో విమానాలు ఎడతెరిపి లేకుండా దిగే పెద్ద స్థావరం వెలిసింది, కానీ మ్యాపుల్లో ఆ ఊరు లేదు. శత్రువును అడ్డుకోవడం, కూలిన విమానాల పైలట్లను అడవిలో వెతికి కాపాడడం, ఫూ ఫా థీ కొండ మీద రాడార్ కేంద్రానికి కాపలా కాయడం, ఇవీ వాళ్ళ పనులు. ఆ కొండ 1968 మార్చిలో శత్రువు చేతికి పోయింది. మగవాళ్ళు చనిపోతున్నకొద్దీ 13, 14 ఏళ్ళ పిల్లల చేతికి తుపాకులు వచ్చాయి. పొలాలు విడిచి పారిపోయినవాళ్ళకు విమానాలు బియ్యం బస్తాలు జారవిడిచేవి. బియ్యం ఆకాశం నుంచే వస్తుందనుకుంటూ ఒక తరం పిల్లలు పెరిగారు.

1964 నుంచి 1973 వరకు అమెరికా విమానాలు లావోస్ మీద 5,80,000 సార్లు దాడికి వెళ్ళాయి, 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేశాయి. పేలకుండా మట్టిలో మిగిలినవి ఇప్పటికీ మనుషుల్ని చంపుతున్నాయి.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. హ్మాంగ్ అందరూ అమెరికా వైపు లేరు. ఫేడాంగ్ అనే హ్మాంగ్ నాయకుడి వెంట కమ్యూనిస్టు పాథెట్ లావో పక్షాన పోరాడినవాళ్ళూ ఉన్నారు. అమెరికాలో రికార్డు చేసిన జ్ఞాపకాల్లో సహజంగానే దేశం విడిచి వచ్చినవాళ్ళ గొంతే ఎక్కువ. వినేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోవాలి.

దేశం కమ్యూనిస్టుల చేతికి పోతుండగా, 1975 మే 14న వాంగ్ పావో లాంగ్ చెంగ్ విడిచివెళ్ళాడు. అప్పటికి సుమారు 2,500 మందిని మాత్రమే థాయిలాండ్ చేర్చగలిగారు. మిగిలినవాళ్ళు రన్‌వే మీద నిలబడిపోయారు. తర్వాత వారాలు, నెలలు, కొందరైతే ఏళ్ళ తరబడి అడవుల్లో నడిచి, మెకాంగ్ నది దాటారు. వెదురు బొంగులు కట్టుకుని, రాత్రిపూట, ఈత రాకుండానే. పసిపిల్లలు ఏడిస్తే సైనికులకు వినపడుతుందని కొంచెం నల్లమందు నాకించేవాళ్ళు. మోతాదు ఎక్కువై కొందరు పిల్లలు మళ్ళీ లేవలేదు. అడగ్గానే ఎవరూ చెప్పే మాట కాదిది. రికార్డు చేయడానికి మనవడో మనవరాలో ఎదురుగా కూర్చుంటే ఇంకా కష్టం. వాళ్ళకు హ్మాంగ్ భాష సగమే వస్తుంది, అవ్వకు ఇంగ్లీషు రాదు. చెప్పాల్సింది నోటిదాకా వచ్చి ఆగిపోతుంది.

థాయిలాండ్‌లోని బాన్ వినాయ్ శిబిరంలో ఒకప్పుడు 40,000 మందికి పైగా ఉన్నారు. 1992లో మూసేసేదాకా అక్కడ బతుకు అంటే ఎదురుచూపే. ఆ ఖాళీ రోజుల్లోనే హ్మాంగ్ ఆడవాళ్ళ కుట్టుపని మారిపోయింది. తరతరాలుగా బట్టల మీద పూలు, నత్త గవ్వల ఆకారాలు కుట్టే చేతులు విమానాల్ని, కాలిపోతున్న ఇళ్ళని, నదిలో మునుగుతున్న మనుషుల్ని కుట్టడం మొదలుపెట్టాయి. బయటివాళ్ళకు అమ్మి నాలుగు డబ్బులు సంపాదించడానికి కుట్టినవే. అయినా నా దృష్టిలో ఈ యుద్ధానికి హ్మాంగ్‌లు తమ చేతులతో చేసుకున్న తొలి రికార్డుల్లో ఇవి ఉంటాయి.

శరణార్థులుగా వచ్చిన హ్మాంగ్‌లని అమెరికా ఒకేచోట ఉంచకుండా అనేక రాష్ట్రాలకు చెదరగొట్టింది. వాళ్ళు మళ్ళీ బంధువుల్ని వెతుక్కుంటూ ఫ్రెస్నో, సెయింట్ పాల్, విస్కాన్సిన్ ఊళ్ళకు చేరారు. కొత్త టెన్షన్ అప్పుడు మొదలైంది. పౌరసత్వ పరీక్ష ఇంగ్లీషులో ఉంటుంది, యుద్ధం చేసినట్టు ప్రభుత్వం ఒప్పుకోదు. 1997లో అమెరికా సైనికుల్ని సమాధి చేసే ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో వీళ్ళ కోసం ఒక చిన్న స్మారక ఫలకం పెట్టారు. 2000లో వచ్చిన చట్టం ఆ సైనికులకు ఇంగ్లీషు నిబంధన సడలించింది. సేవ చేసినట్టు కాగితాలు లేనివాళ్ళకు తోటి సైనికుల ప్రమాణపత్రాలను కూడా ఒప్పుకుంది. అంటే చట్టం కూడా చివరికి మనిషి మాటనే సాక్ష్యంగా తీసుకోవాల్సి వచ్చింది. 2011లో వాంగ్ పావో చనిపోయినప్పుడు మాత్రం ఆర్లింగ్టన్‌లో చోటివ్వలేదు.

సెయింట్ పాల్ ఉన్న మిన్నెసోటా రాష్ట్రంలో చరిత్ర సంస్థలు, విశ్వవిద్యాలయాలు ఈ జ్ఞాపకాల్ని రికార్డు చేసి భద్రపరుస్తున్నాయి. కానీ హ్మాంగ్‌లకు అంతకంటే పాత పద్ధతి ఒకటి ఉంది. మనిషి చనిపోయినప్పుడు పాడే దారి పాట. బిడ్డ పుట్టగానే మాయను ఇంట్లోనే పాతిపెడతారు. మాయకు వాళ్ళు వాడే మాటకు చొక్కా అని అర్థం. చనిపోయిన మనిషి ఆత్మ వెనక్కి నడిచి ఆ చొక్కా తొడుక్కుంటేనే పూర్వీకుల్ని చేరుతుంది. అందుకని పాడే పెద్దమనిషి ఆ మనిషి బతికిన ఊళ్ళన్నీ చివరి నుంచి మొదటికి వరసగా పేరుపేరునా చెప్పాలి. సెయింట్ పాల్‌లో ఇల్లు, అంతకు ముందు దిగిన ఊరు, బాన్ వినాయ్, మెకాంగ్ నది, అడవి, చివరికి బొడ్డు కోసిన ఊరు. ఆ ఊరి పేరు తెలియకపోతే పాట మధ్యలో ఆగుతుంది. అందుకే పాట మొదలయ్యేలోపు ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి అడుగుతారు: నాన్న ఎక్కడ పుట్టాడు, ఏ ఏ ఊళ్ళు తిరిగాడు?